నూరు వేస్తే ఎనభై ఒకటీ ముప్పావలా

మొన్న ఆదివారం పొద్దున్నే లిఫ్ట్ దగ్గర లొల్లి. మా వాచ్‌మన్ భార్య (చిన్నాపెద్దా అందరం అక్కా అనే పిలుస్తాం, ఆమె మాత్రం అందర్నీ సార్, మేడం అంటుంది) ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని సందు చివర రీఛార్జ్ కొట్టు పిల్లాణ్ణి తిడుతోంది. పిల్లాడు అక్కడ లేడు. అయినా తిడుతోంది.

"నూరు రూపాయలేస్తె ఎనభై ఒకటే పడ్డయ్ సార్. మిగిలినయి ఆడే మింగిండు. సూడుండ్రి, మెసేజ్ సూడుండ్రి."

చూశాను. నిజమే, 81.75 అని ఉంది.

వాళ్ళది నిర్మల్ దగ్గర పల్లె. ఆమె మరిది దుబాయ్‌లో ఉంటాడు. అక్కడ వాట్సాప్ మెసేజ్ పోతుంది, ఫొటో పోతుంది, వాయిస్ రికార్డు చేసి పంపితే అదీ పోతుంది, కానీ వాట్సాప్ కాల్ మాత్రం కలవదు, ఆ దేశంలో దాన్ని ఆపేశారు. ఊళ్ళో అత్తగారికి ఉన్నట్టుండి బాలేదు, డబ్బు సంగతి నేరుగా మాట్లాడాలి, అందుకని మామూలుగా ఎప్పుడూ వేయని మెయిన్ బ్యాలెన్స్ నూరు రూపాయలు వేయించుకుంది. నెలనెలా ప్యాక్ వేసుకునే మనలాంటి వాళ్ళు మెయిన్ బ్యాలెన్స్ అనే మాటే మర్చిపోయాం కదా, ఆమె కూడా మర్చిపోయింది, అందుకే ఈ కోత చూసి గుండె ఆగినంత పనైంది.

నేను చేసేది హిమాయత్‌నగర్‌లో ఒక సీఏ గారి ఆఫీసులో జీఎస్టీ పని. నెలకి రెండుసార్లు, రిటర్నుల గడువు రోజుల్లో, 11న ఒకసారి, 20న ఒకసారి, నా ముఖం చూసి ఇంట్లో ఎవరూ పలకరించరు. కాబట్టి ఈ 81.75 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం నాకు వేళ్ళ మీద పని. జీఎస్టీ 18 శాతం కాబట్టి నూరుని 1.18తో భాగిస్తే 84.75. అంటే 15 రూపాయల పావలా జీఎస్టీ. అందులోంచి కంపెనీ ప్రాసెసింగ్ ఫీజు అని 3 రూపాయలు. మిగిలింది 81.75. కొట్టు పిల్లాడికి ఈ పద్దెనిమిదీ పావలాలో ఒక్క పైసా రాదు, అతనికి కంపెనీ ఇచ్చే కమీషన్ వేరే, అదీ రూపాయో రెండో. పది రూపాయలు వేస్తే ఇంకా కడుపు మండుతుంది, 7.47 పడుతుంది. అందరికీ గుర్తుండే ఉంటుంది ఈ అంకె. కాలేజీ రోజుల్లో మా బ్యాచ్‌కి జీఎస్టీ లేదు, సర్వీస్ టాక్స్ ఉండేది, అంకె కొంచెం అటూ ఇటూ, కానీ పది వేస్తే పది రాదన్న జ్ఞానం మాకు ఎకనామిక్స్ లెక్చరర్ కంటే ముందు పాన్ డబ్బా దగ్గర వచ్చింది. అప్పట్లో మిస్డ్ కాల్ అనేది మేం కనిపెట్టిన టాక్స్ ప్లానింగ్. ఒక రింగు ఇస్తే బయల్దేరాను, రెండు రింగులిస్తే రావట్లేదు. ఏ ప్రభుత్వమూ దాని మీద పన్ను వేయలేకపోయింది.

ఇదంతా అక్కకి చెప్పాను. కాసేపు ఆలోచించి ఆమె అడిగిన ప్రశ్న వల్లే ఈ పోస్టు రాస్తున్నాను.

"అయితె గా 299ది మంచిది గదా సార్. గండ్ల ఏం కట్ కాదు. మొత్తం ప్యాక్ వస్తది."

అక్కడ నేను ఆగిపోయాను. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, రోజూ పన్ను లెక్కలే, కానీ ఈ సంగతి నాకు ఇలా ఎప్పుడూ తట్టలేదు. మెయిన్ బ్యాలెన్స్‌లో పన్ను కళ్ళకు కనపడుతుంది కాబట్టి మనిషి తిట్టుకుంటాడు. ప్యాక్‌లో కనపడదు కాబట్టి పన్నే లేదనుకుంటాడు. 299 ఇస్తే "రోజుకి 1.5 జీబీ, 28 రోజులు, కాల్స్ అన్‌లిమిటెడ్" అంటారు. అన్‌లిమిటెడ్‌లోంచి 18 శాతం తీసేస్తే ఎంత తగ్గింది అంటే ఏం చెప్తాం?

సరే, మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి లెక్క వేశాను. మీరూ వేసుకోండి.

299ని 1.18తో భాగిస్తే 253.39. అంటే జీఎస్టీ 45.61. ఇందులో సగం ఢిల్లీకి, సగం మన రాష్ట్రానికి, చెరో 22.80. ఇక్కడితో అయిపోయిందనుకుంటాం. కాలేదు. ఆ మిగిలిన 253లోంచి కంపెనీ మళ్ళీ కేంద్రానికి లైసెన్స్ ఫీజు కట్టాలి, ఏజీఆర్ మీద, అంటే వాళ్ళ సవరించిన స్థూల ఆదాయం మీద, 8 శాతం. అది సుమారు 20 రూపాయల పావలా. దీంట్లో 3 శాతం అసలు లైసెన్స్ ఫీజు, 5 శాతం పల్లెటూళ్ళకి ఫోను, ఇంటర్‌నెట్ తీసుకుపోవడానికి పెట్టిన నిధికి. జీఎస్టీ, ఈ 8 శాతం కలిపితే 299లో దాదాపు 66 రూపాయలు. నూటికి 22. కంపెనీ మీద పడే కార్పొరేట్ టాక్సు, స్పెక్ట్రమ్ (సిగ్నల్ పోయే రేడియో తరంగాలు) వేలంలో పోసిన డబ్బు, ఇవేవీ ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. పైగా జీఎస్టీ వేసేది లైసెన్స్ ఫీజు కూడా కలిసి ఉన్న ధర మీద, అంటే ఫీజు మీద పన్ను. కూరలో ఉప్పు వేసి, వడ్డించేటప్పుడు మళ్ళీ పైన చల్లినట్టు.

ఇంకొకటి. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు. నెలకోసారి కడుతున్నాం అనుకుంటూ పదమూడో నెల కూడా కడుతున్నాం. దీని మీద గోల చేస్తే చేస్తే 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక ప్యాక్ అయినా 30 రోజులది పెట్టాలని చెప్పింది. పెట్టారు. మా సందులో కొట్టు పిల్లాడు దాని పేరు ఎత్తగా నేనైతే వినలేదు. 299 పదమూడు సార్లు అంటే 3,887. అందులో జీఎస్టీ ఒక్కటే 593 రూపాయలు, లైసెన్స్ ఫీజు కలిపితే 850 దాటుతుంది. అక్క, వాళ్ళాయన ఇద్దరికీ కలిపి అపార్ట్‌మెంట్ ఇచ్చే జీతం ఎంతో నేను ఇక్కడ రాయను, మా అసోసియేషన్ పరువు పోతుంది.

ఇప్పుడు ఒక పోలిక చెప్తాను. మా ఆఫీసుకి బాలానగర్‌లో చిన్న ఫ్యాక్టరీ ఉన్న క్లయింటు ఉన్నాడు. స్టాఫ్‌కి 40 పోస్ట్‌పెయిడ్ కనెక్షన్లు, ఒక్కోటి 399, దాని మీద జీఎస్టీ 71.82. మొత్తం నెలకి 2,872 రూపాయల 80 పైసలు. ఈ బిల్లు జీఎస్టీ పోర్టల్‌లో టూబీ అనే స్టేట్‌మెంట్‌లో కనపడగానే మేం ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా (ఐటీసీ అంటాం) తీసుకుంటాం, ఆయన కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గిపోతుంది. తప్పేం కాదు, చట్టం ఇచ్చిన హక్కే, జీఎస్టీ అంటేనే చివర వాడుకునేవాడి మీద పడే పన్ను. కానీ ఆ చివర వాడుకునేవాడు ఎవరు? మా వాచ్‌మన్. పన్ను తగ్గించుకోవడానికి ఒక్కొక్కరికీ ఒక దారి ఉంది: నాకు ఫ్లాట్ ఇఎంఐ, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అమెరికా క్లయింటు, ఫ్యాక్టరీ ఆయనకి ఐటీసీ. వాచ్‌మన్‌కి 1.18తో భాగహారం. కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా ఇన్‌కమ్ టాక్స్ కట్టక్కర్లేదని 2025 బడ్జెట్‌లో చెప్తే టీవీ ముందు నేనే చప్పట్లు కొట్టాను. అదే మనిషి రీఛార్జ్ మీద, వాచ్‌మన్ రీఛార్జ్ మీద పన్ను మాత్రం ఒకటే, పైసా తేడా లేదు.

"గా వాపసొచ్చేది నాగ్గూడ ఒకటి తీసియ్యరాదు సార్" అంది అక్క, ఐటీసీ సంగతి చెప్పినప్పుడు. జీఎస్టీఐఎన్, అంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు కావాలి, వ్యాపారం ఉండాలి అన్నాను. "ఆకిలూడ్సుడు వ్యాపారం గాదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఫోన్ మీద పన్ను ఎప్పుడు మొదలైందో తెలుసా? మన దేశంలో సర్వీస్ టాక్స్ అనేదే ఫోన్‌తో పుట్టింది. 1994లో, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, జూలై 1 నుంచి మూడే మూడు సేవల మీద 5 శాతం వేశారు: టెలిఫోన్, జనరల్ ఇన్సూరెన్స్, స్టాక్ బ్రోకర్లు. ఆ మూడే ఎందుకంటే వసూలు సులువు. ఫోన్ బిల్లు ఎలాగూ క్రమం తప్పకుండా వస్తుంది, ఇచ్చేది ప్రభుత్వమే, బిల్లు కింద ఒక లైను పెంచితే చాలు. పైగా అప్పట్లో ఇంట్లో ఫోన్ అంటే డబ్బున్నవాళ్ళే, అప్లై చేసి ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే రోజులు, కాబట్టి ధనవంతుడి మీద పన్ను వేశామని చెప్పుకోవడానికి కూడా బాగుండేది. తర్వాత 2003లో 8, 2004లో 10, 2006లో 12, మధ్యలో ఒకసారి 10కి దిగి మళ్ళీ 12, 2015లో 14, సెస్సులు కలిపి 2016కి 15, 2017 జూలై నుంచి జీఎస్టీ 18. ఈ మధ్యలో జరిగింది ఏంటంటే ఫోన్ డబ్బున్నవాళ్ళ చేతిలోంచి దిగి దిగి కూరగాయల బండి దాకా వచ్చింది, పన్ను మాత్రం ఎక్కుతూ పోయింది. ఆ రెండూ ఎక్కడ ఒకదాన్నొకటి దాటాయో ఎవరూ గమనించలేదు, లేదా గమనించినవాళ్ళు మాట్లాడలేదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మార్చారు కదా. వ్యక్తిగత ఆరోగ్య బీమా, జీవిత బీమా మీద పన్ను పూర్తిగా తీసేశారు. ఏసీలు, పెద్ద టీవీలు 28 నుంచి 18కి దిగాయి. మా మూడో ఫ్లోర్ ఆయన ఆ వారమే కూకట్‌పల్లిలో ఏసీ కొన్నాడు, బిల్లు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు కూడా. రీఛార్జ్ మాత్రం 18 దగ్గరే ఉంది. ఏసీకీ రీఛార్జ్‌కీ ఇప్పుడు ఒకటే రేటు. సెల్‌ఫోన్ హ్యాండ్‌సెట్ మీద అయితే 2020 ఏప్రిల్‌లో 12 నుంచి 18కి పెంచారు, కరోనా మొదలై పిల్లల చదువులన్నీ ఫోన్‌లోకి వచ్చిన ఆ నెలల్లోనే.

అసలు పేద దేశాలన్నీ ఫోన్ మీదే ఎందుకు పడతాయి అంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. మన దగ్గర చిన్న వ్యాపారం, కూలి పని, ఇంటి పని, వీటిలో డబ్బు చేతులు మారేది కాగితం లేకుండా. పన్ను వేద్దామన్నా దొరకదు. రీఛార్జ్ ఒక్కటి దొరుకుతుంది. మూడు నాలుగు కంపెనీలు, ప్రతి రూపాయికీ కంప్యూటర్‌లో లెక్క, నెల తిరిగేసరికి డబ్బు ఖజానాలో. కోట్ల మంది దగ్గరకి ఇన్‌స్పెక్టర్లని పంపక్కర్లేదు, నాలుగు ఆఫీసులకి పంపితే చాలు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక వేరే దేశాల సంగతి చదువుతూ కూర్చున్నాను. (మా ఆవిడ, "ఆఫీసులో చేసేది చాలదా" అని లైటు ఆర్పేసింది, ఫోన్ వెలుతురులో చదివాను.) పాకిస్తాన్‌లో అచ్చం అక్క గొడవే జరిగింది, కాకపోతే సుప్రీంకోర్టులో. నూరు రూపాయల కార్డు వేస్తే మూడో వంతుకు పైగా పన్నుల కింద, ఛార్జీల కింద పోతోందని 2018లో అక్కడి చీఫ్ జస్టిస్ సాకిబ్ నిసార్ తనంత తానే కేసు తీసుకున్నారు. అందులో ఒక పన్ను అయితే ఇన్‌కమ్ టాక్స్ ముందస్తు వసూలు, అంటే ఇన్‌కమ్ టాక్స్ పరిధిలోకే రాని కూలివాడి దగ్గర కూడా రీఛార్జ్‌లో ఇన్‌కమ్ టాక్స్ పట్టుకోవడం. వాడు రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవాలన్నమాట! జూన్ 2018లో కోర్టు ఆ పన్నుల వసూలు ఆపించింది, నూరు వేస్తే నూరు పడటం మొదలైంది. సుమారు పది నెలలు. 2019 ఏప్రిల్‌లో అదే కోర్టు, అప్పటికి ఆ చీఫ్ జస్టిస్ రిటైరయ్యారు, పన్నులు మళ్ళీ పెట్టుకోవచ్చంది. ఆ పది నెలలు వాళ్ళకెలా ఉండి ఉంటుందో కదా.

ఉగాండాది ఇంకో కథ. 2018 జూలై నుంచి వాట్సాప్, ఫేస్‌బుక్, ట్విట్టర్ వాడాలంటే రోజుకి 200 షిల్లింగులు కట్టాలన్నారు. జనం చాడీలు చెప్పుకోవడానికే ఇవి వాడుతున్నారని ప్రెసిడెంట్ ముసెవేనీ వాదన. (అపార్ట్‌మెంట్ గ్రూపులు చూసి ఉంటే రెండింతలు వేసేవాడు.) జనం ఆ పన్ను తప్పించుకోవడానికి వీపీఎన్ యాప్‌లు పెట్టుకున్నారు, కొందరు వాడటమే తగ్గించారు, మొదటి ఏడాది అనుకున్నదాంట్లో అయిదో వంతు కూడా రాలేదు. చివరికి 2021లో దాన్ని తీసేసి ఇంటర్‌నెట్ డేటా మీద 12 శాతం ఎక్సైజ్ పన్ను వేశారు. కనపడే పన్ను తీసి కనపడని పన్ను పెట్టారు, గొడవ సద్దుమణిగింది. లెబనాన్‌లో అయితే 2019 అక్టోబర్ 17న వాట్సాప్ కాల్స్‌కి నెలకి 6 డాలర్ల దాకా వేస్తామన్నారు, ఆ రాత్రికే జనం రోడ్డెక్కారు, గంటల్లో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నా అప్పటికే కరెంటు కోతల నుంచి అవినీతి దాకా అన్ని కోపాలూ బయటికొచ్చేశాయి, 29న ప్రధాని హరీరి రాజీనామా. కెన్యాలో 2021లో ఫోన్, డేటా మీద ఎక్సైజ్ 15 నుంచి 20కి పెంచి 2023లో మళ్ళీ 15కి తెచ్చారు, దాని మీద వ్యాట్ అదనం. వీటితో పోలిస్తే మనది నయమే అనిపిస్తుంది, యూపీఐలో డబ్బు పంపితే మనకి పన్ను లేదు, ఘానాలో 2022లో మొబైల్‌లో డబ్బు పంపడం మీదే 1.5 శాతం వేసి చివరికి 2025లో ఎత్తేశారు. నయమే. కాకపోతే మనది నయం అనిపించడానికి సగం కారణం మనకి కనపడకపోవడం.

ఇప్పుడు ఆ 8 శాతం లైసెన్స్ ఫీజు సంగతికి వస్తాను, ఎందుకంటే అకౌంట్స్ వాడిగా నాకు ఈ కథంటే ఒక రకమైన భయభక్తులు ఉన్నాయి. మొదట్లో కంపెనీలు ఏడాదికి ఇంత అని పాడుకున్న ఫీజు కట్టలేక మునిగిపోతుంటే 1999 టెలికాం పాలసీలో, సరే, వచ్చే ఆదాయంలో వాటా ఇవ్వండి అన్నారు. బాగుంది. కానీ ఆదాయం అంటే ఏంటి? ఫోన్ బిల్లుల మీద వచ్చిందేనా, లేక కంపెనీకి వచ్చిన అద్దెలు, వడ్డీలు, డివిడెండ్లు, తుక్కు అమ్మిన డబ్బు కూడానా? అన్నీ అని ప్రభుత్వం, ఫోన్‌దే అని కంపెనీలు. ఈ ఒక్క మాట మీద 2003 నుంచి కేసులు. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం మాటే నిజమంది. కట్టాల్సింది 92 వేల కోట్ల పైచిలుకు. ఇక్కడ చూడండి, ఇందులో అసలు వివాదం ఉన్న ఫీజు 23,189 కోట్లు. దాని మీద వడ్డీ 41,650 కోట్లు. పెనాల్టీ 10,923 కోట్లు. పెనాల్టీ మీద వడ్డీ 16,878 కోట్లు. పెనాల్టీ మీద వడ్డీ! మా క్లయింట్లకి రిటర్ను లేటైతే 18 శాతం వడ్డీ అంటేనే ఆఫీసులో అరుపులు. స్పెక్ట్రమ్ ఛార్జీలు కూడా కలిపితే లెక్క లక్షా 47 వేల కోట్లకి చేరింది.

నేను కంపెనీలని వెనకేసుకొస్తున్నాననుకోకండి, పదహారేళ్ళు కేసు నడుపుతూ ఓడిపోతే ఏంటన్న ఆలోచన లేకుండా కూర్చోవడం కూడా తెలివైన పనేం కాదు. కానీ ఆ తీర్పు వచ్చిన ఆరు వారాల్లో, 2019 డిసెంబర్‌లో, మూడు ప్రైవేటు కంపెనీలూ రేట్లు పెంచాయి. తీర్పు వల్లే అని ఖచ్చితంగా అనను, అప్పటికి మూడేళ్ళుగా చవక డేటా పోటీలో అందరికీ రక్తం కారుతోంది. మళ్ళీ 2021 నవంబర్‌లో, మళ్ళీ 2024 జూలైలో పెరిగాయి. ఆ జూలైలోనే 239 ప్యాక్ 299 అయింది. రేటు పెరిగిన ప్రతిసారీ జీఎస్టీ కూడా పెరుగుతుంది, శాతం మారకుండానే. 239లో 36 రూపాయల చిల్లర ఉన్న పన్ను 299కి 45 దాటింది. పన్ను పెంచామని పార్లమెంటులో ఎవరూ చెప్పక్కర్లేదు.

2021 సెప్టెంబర్‌లో కేంద్రం ఏజీఆర్‌లోంచి ఫోన్‌కి సంబంధం లేని ఆదాయం తీసేసింది, ఇక ముందు కట్టేవాటికి మాత్రమే. పాత బాకీకి నాలుగేళ్ళు వ్యవధి ఇచ్చింది. వొడాఫోన్ ఐడియా కట్టలేక ఇవ్వాల్సిన దాంట్లో కొంత వాటాగా మార్చేసింది, ఇప్పుడు అందులో దాదాపు 49 శాతం వాటా కేంద్రానిదే. అంటే ఆ సిమ్ వాడేవాళ్ళ రీఛార్జ్‌లో జీఎస్టీ, లైసెన్స్ ఫీజు తీసుకుంటూ, కంపెనీలో సగం కూడా తానే ఉంది ప్రభుత్వం. స్పెక్ట్రమ్ వేలాల గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది, 2022లో 5జీకి లక్షా 50 వేల కోట్లు అన్న ఒక్క అంకె చెప్పి వదిలేస్తాను.

వదలలేనిది పల్లెటూళ్ళ నిధికి పోయే ఆ 5 శాతం. 2002 నుంచి వసూలు చేస్తున్నారు, మొన్నటిదాకా యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అనేవారు, 2023 చట్టంతో డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు. ఉద్దేశం బంగారం: పట్నంలో ఫోన్ వాడేవాడి దగ్గర కొంచెం తీసుకుని, లాభం రాదని కంపెనీలు పోని ఊళ్ళకి టవరు, కేబుల్ వేయడం. ఊరూరా పంచాయతీకి ఇంటర్‌నెట్ తెస్తామన్న భారత్‌నెట్‌కి డబ్బు ఇక్కడి నుంచే. కానీ వసూలైన డబ్బు నేరుగా ఆ పనికి పోదు, ముందు కేంద్రం ఖజానాలో పడుతుంది, తర్వాత పార్లమెంటు ఎంత కేటాయిస్తే అంతే బయటికొస్తుంది. వసూలైనంతా ఖర్చు కాలేదు. 299లో ఈ వాటా 12 రూపాయల 67 పైసలు. ఇది చెప్తే అక్క మొదట నమ్మలేదు.

"మా ఊర్ల సిగ్నల్ గావాల్నంటె వాటర్ ట్యాంకు మెట్లెక్కాలె సార్. గా మెట్లెక్కి మాట్లాడనీకి నేనీడ పైసలు గడ్తున్ననా?"

కడుతున్నావు అక్కా. నెలకి పన్నెండున్నర. కాదు, 28 రోజులకి.

న్యాయంగా చెప్పాలంటే ఆమె వాడుతున్న డేటా పదేళ్ళ కింద నాకు కూడా అందనంత ఖరీదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక పడిపోయిన ధరలు ఇంకా ఆ పాత ఎత్తుకి పోలేదు. 66 రూపాయలు ప్రభుత్వానికి పోయినా మిగతాదానికి ఆమె రోజూ సీరియళ్ళు, మనవడి వీడియోలు చూస్తోంది, అది చిన్న సంగతి కాదు. పన్నే వద్దని నేననను, నా జీతమే పన్నుల మీద నడుస్తోంది. 18 శాతం అనేది ఏసీకి సరే, కానీ కూలి పని దొరకాలన్నా, రేషన్ ఓటీపీ రావాలన్నా, గ్యాస్ బుక్ చేయాలన్నా, చివరికి ప్రభుత్వం ఇచ్చే పథకం డబ్బు పడిందో లేదో తెలియాలన్నా ఫోన్ ఉండాల్సిందే అయినప్పుడు దాన్ని ఏసీ పక్కన ఎందుకు కూర్చోబెట్టారన్నదే నా గొడవ. 200 రూపాయల లోపు రీఛార్జ్‌లకైనా 5 శాతంలో పెట్టొచ్చు కదా. కాల్స్, మెసేజ్‌లకి మాత్రమే ప్యాక్ ఉండాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ చెప్పింది, మా వాచ్‌మన్ లాంటి బటన్ ఫోన్ వాళ్ళకి పనికొచ్చేది, కనీసం వాటికైనా. అదీ కుదరకపోతే కొట్టు మీద వేలాడే రేటు కార్డులో "299, అందులో పన్ను 45.61" అని రాయించండి. పోస్ట్‌పెయిడ్ వాళ్ళకి బిల్లులో రాసి ఇస్తున్నారుగా.

లొల్లి సంగతి చెప్పలేదు కదా. సాయంత్రం అక్క నన్ను వెంటబెట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళింది, పిల్లాడికి సారీ చెప్పడానికి కాదు, నేను చెప్పింది నిజమో కాదో అడగడానికి. వాడు "అదే కదా పొద్దున్నుంచి చెప్తున్న" అని నా వైపు చూసి నవ్వాడు. పాపం ఇలాంటి తిట్లు వాడికి రోజుకెన్నో. పన్ను వేసేవాళ్ళు ఎక్కడో ఉంటారు, వసూలు చేసేవాళ్ళు ఇంకెక్కడో ఉంటారు, తిట్లు మాత్రం సందు చివర వీడికి. మరిదితో మాట్లాడటం అయిందట, 81.75 ఎటు పోయిందో తెలియలేదట.

నాలుగు రోజుల తర్వాత ఆమె ప్యాక్ అయిపోయింది. కొట్టుకి పోను, మీ ఫోన్‌లోంచే కొట్టండి సార్ అని మూడు వంద కాగితాలు పట్టుకుని వచ్చింది. సరేనని యాప్ తెరిచి 299 నొక్కితే కింద ప్లాట్‌ఫాం ఫీజు అని 3 రూపాయలు, జీఎస్టీతో కలిపి అని చిన్న అక్షరాల్లో. మొత్తం 302. కట్టేశాను. ప్యాక్ పడినట్టు మెసేజ్ చూసుకుని, "ఇప్పుడు సూడుండ్రి, ఏం కట్ కాలే" అని నవ్వి, ఆ మిగిలిన రూపాయి ఉంచుకోమంది. ఉంచుకున్నాను. 302 సంగతి చెప్పలేదు.